ఉన్నదాన్ని ఒప్పుకుంటూనే జీవితాన్ని మార్చుకోవడం ఎలా?

"ఉన్నదానితో తృప్తి పడమని ఒకరు చెబుతారు. ఎక్కడా ఆగకుండా ఎదగమని ఇంకొకరు చెబుతారు. రెండూ నిజమే అనిపిస్తాయి. ఇంతకీ నేనేం చేయాలి?" ఈ ప్రశ్నను చాలామంది రకరకాల మాటల్లో అడుగుతూనే ఉన్నారు. ఒకరిది ఉద్యోగం గొడవ, ఒకరిది ఆరోగ్యం, మరొకరిది ఇంట్లో మాటల్లేకపోవడం. చిక్కు మాత్రం ఒక్కటే. ఒప్పుకుంటే అక్కడే ఉండిపోతామేమోనని భయం. మార్చడానికి దిగితే ఎప్పటికీ తృప్తి ఉండదేమోనని ఇంకో భయం.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఒప్పుకోవలసింది ఇప్పటికే జరిగిపోయినదాన్ని, ఇప్పుడు కళ్లెదుట ఉన్నదాన్ని. మార్చవలసింది ఇకమీదట మీరు చేయబోయే పనిని. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రావు. జ్వరం 102 ఉందని చూసి రాసుకున్న డాక్టర్ జ్వరానికి లొంగిపోయినట్టు కాదు. ఆ అంకె చూడకుండా ఆయన మందు రాయలేరు.

మనలో చాలామంది దీన్ని తారుమారు చేస్తాం. అయిపోయినదానితో ఏళ్ల తరబడి పోట్లాడతాం, చేయగలిగినదాన్ని "నా ఖర్మ ఇంతే" అని వదిలేస్తాం. ఆ తారుమారును సరిచేసుకోవడానికే ఈ పద్ధతి. నాలుగు వారాలు పడుతుంది.

ముందుగా ఒక హెచ్చరిక

మిమ్మల్ని ఎవరైనా కొడుతున్నా, బెదిరిస్తున్నా, ఇంట్లోంచి కదలనివ్వకుండా చేస్తున్నా ఈ పద్ధతి మీకు కాదు. అక్కడ మొదటి పని బయటపడటం, సాయం అడగడం. "ముందు ఒప్పుకో" అనే మాటను ఆ పరిస్థితిలో ఎవరు చెప్పినా వినకండి.

రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండి, దేనిమీదా ఆసక్తి లేకుండా, నిద్రా తిండీ దెబ్బతిని ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. డాక్టర్‌ను కలవండి. ఇందులోని పద్ధతులు చికిత్సతో పాటు పనికొస్తాయేమో గానీ చికిత్సకు బదులు కావు. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే ఈ రోజే, ఇప్పుడే, మీకు నమ్మకమున్న ఒక మనిషికి ఆ మాట నోటితో చెప్పండి. ఒంటరిగా ఉండకండి. మీ ప్రాంతంలోని అత్యవసర సహాయ నంబరుకు ఫోన్ చేయండి.

కావలసినవి

ఒక నోట్‌బుక్కు, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా ఫరవాలేదు, కానీ అందులో నోటిఫికేషన్లు వస్తుంటాయి కాబట్టి కాగితమే మేలు.

రోజుకు 15 నిమిషాలు. ఉదయమా రాత్రా అన్నది మీ ఇష్టం. నిద్రపోయే ముందు బరువైన విషయాలు రాస్తే నిద్ర పట్టనివాళ్లు సాయంత్రం రాసుకోండి.

వారానికోసారి మాట్లాడటానికి ఒక మనిషి. ఈ మనిషి తప్పనిసరి కాదు, ఉంటే మంచిది. సలహాలు గుప్పించేవారికన్నా, "ఇది జరిగిన విషయమా, నువ్వు అనుకుంటున్నదా?" అని అడగగలిగేవారు కావాలి.

1. ముందు ఒక కొలత రాసుకోండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. నాలుగు వారాల తర్వాత "ఏం మారలేదు" అనేది కూడా ఎక్కువగా వాళ్లే. మారిందో లేదో తెలియాలంటే మొదట ఎక్కడున్నారో రాసి ఉండాలి కదా.

హ్యాడ్లీ కాంట్రిల్ అనే అమెరికన్ పరిశోధకుడు 1960లలో వాడిన నిచ్చెన ప్రశ్న చాలా తేలిక. సున్నా నుంచి పది వరకు మెట్లున్న నిచ్చెనను ఊహించుకోండి. పదో మెట్టు మీకు సాధ్యమైన అన్నిటికన్నా మంచి జీవితం, సున్నా అన్నిటికన్నా చెడ్డది. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీదున్నారు? మొదట తోచిన అంకె వేసి, పక్కన తేదీ వేయండి.

దానితో పాటు బయటికి కనిపించే గుర్తులు రెండు ఎంచుకోండి. గత వారంలో ఎన్ని రాత్రులు సరిగా నిద్రపట్టింది? ఎన్నిసార్లు ఇంట్లోవాళ్ల మీద విసుక్కున్నారు? ఎన్ని రోజులు మీకు నచ్చిన పని ఏదైనా చేశారు? ఇలాంటివి. మూడ్ మనల్ని మోసం చేస్తుంది. నిద్రపట్టిన రాత్రుల లెక్క అంతగా మోసం చేయదు.

హెచ్చరిక: ఈ అంకెను రోజూ వేసుకోకండి. ఎందుకో తప్పుల దగ్గర చెబుతాను.

2. ఒక్క విషయం ఎంచుకోండి

"నా జీవితం బాగాలేదు" అన్నది పని చేయడానికి వీలైన విషయం కాదు. "రెండేళ్లుగా ప్రమోషన్ రావడం లేదు" అన్నది విషయం. "మోకాలి నొప్పి వల్ల ఇదివరకటిలా నడవలేకపోతున్నాను", "తమ్ముడు ఆరు నెలలుగా నాతో మాట్లాడటం లేదు" అన్నవి కూడా.

అన్నిటికన్నా పెద్ద కష్టంతో మొదలుపెట్టకండి. మధ్యస్థంగా ఉన్నది, వారంలో చాలాసార్లు గుర్తొచ్చేది చాలు. చేయి తిరిగాక పెద్దదాన్ని పట్టుకోవచ్చు.

3. జరిగింది ఒకవైపు, మీరు చెప్పుకుంటున్నది ఒకవైపు రాయండి

పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు, పక్కనున్న తెలియని మనిషి కూడా చూసి అవునని చెప్పగలిగేవే రాయండి. కుడివైపు వాటి గురించి మీ మనసు చెబుతున్న మాటలు రాయండి.

ప్రమోషన్ విషయమే తీసుకుందాం. ఎడమవైపు: "రెండుసార్లు లిస్టులో నా పేరు లేదు. నాకన్నా తర్వాత చేరిన ఒకరికి వచ్చింది. కారణం ఏమిటని నేను మేనేజర్‌ను అడగలేదు." కుడివైపు: "నన్ను చూస్తే ఆయనకు పడదు. నా పనికి విలువ లేదు. ఇక నా బతుకు ఇంతే. అందరూ నవ్వుకుంటున్నారు."

ఇలా రాయగానే చాలామందికి ఒక సంగతి కనబడుతుంది. గుండెలో బరువంతా కుడివైపు మాటలది. ఎడమవైపు మూడు వాక్యాలు బాధాకరమైనవే, కానీ భరించగలిగినవి. పైగా మూడో వాక్యంలో చేయాల్సిన పని ఒకటి దాగి ఉంది.

కుడివైపు రాసినవన్నీ అబద్ధాలని కొట్టిపారేయకండి. కొన్ని నిజమే కావచ్చు. ఇంకా తేలలేదు, అంతే. వాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

రాస్తుంటే ఏడుపొస్తే రానివ్వండి. జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు 1980ల నుంచి ఇలా రాయడం మీద పరిశోధనలు చేశారు. ఆయన పద్ధతిలో మూడు నాలుగు రోజుల పాటు, రోజుకు 15 నుంచి 20 నిమిషాలు, మనసులో బాధను దాచుకోకుండా రాయిస్తారు. రాసిన వెంటనే మనసు బరువెక్కడం మామూలే. మీరు కూడా వరుసగా నాలుగు రోజులకు మించి ఒకే గాయాన్ని తవ్వకండి. అంతకు మించితే అది రాయడం కాదు, నెమరువేయడం అవుతుంది. రాస్తున్నకొద్దీ కుంగిపోతున్నట్టుంటే మొదటి రోజే ఆపేసి, మనిషితో మాట్లాడండి.

4. మూడు గళ్లుగా విడగొట్టండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. తొందరపడకుండా ఒక పూట దీనికే ఇవ్వండి.

బానిసగా పుట్టి, తర్వాత స్వేచ్ఛ పొంది తత్వం బోధించిన ఎపిక్టెటస్ దాదాపు 1900 ఏళ్ల క్రితమే దీని గురించి చెప్పాడు. మన చేతిలో ఉన్నవి కొన్ని, మన చేతిలో లేనివి కొన్ని, ముందు వాటిని విడదీసుకోమన్నాడు. ఆయన చేసినవి రెండు భాగాలే. రోజువారీ పనికి మూడు ఉంటే మేలని నాకనిపిస్తుంది, ఎందుకంటే మన కష్టాల్లో ఎక్కువ భాగం ఆ మధ్యలోనే ఇరుక్కుని ఉంటాయి.

మొదటి గడి: జరిగిపోయినవి, మారనివి. ప్రమోషన్ రాని ఆ రెండేళ్లు. అరిగిన మోకాలు. తమ్ముడితో ఆ రోజు అన్న మాట.

రెండో గడి: నేను కొంత కదిలించగలిగినవి, కానీ ఫలితం ఇతరుల చేతిలోనో పరిస్థితుల చేతిలోనో ఉన్నవి. వచ్చేసారి లిస్టు. నొప్పి ఎంత తగ్గుతుందన్నది. తమ్ముడు తిరిగి మాట్లాడటం.

మూడో గడి: పూర్తిగా నా చేతిలోనివి. అపాయింట్‌మెంట్ అడిగి మేనేజర్‌తో మాట్లాడటం. ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు చేయడం. తమ్ముడికి ఒక మెసేజ్ పెట్టడం.

గమనించండి, ఒకే సమస్య మూడు గళ్లలోనూ ముక్కలుగా ఉంటుంది. "ఈ సమస్యను ఒప్పుకోవాలా, మార్చాలా?" అని అడిగినంతకాలం సమాధానం దొరకనిది ఇందుకే. సమస్య మొత్తానికి ఒక సమాధానం ఉండదు, ముక్కముక్కకూ వేరే సమాధానం ఉంటుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాట్లు మూడు.

ఇతరుల స్వభావాన్ని మూడో గడిలో రాయడం. "మా ఆయన కోపం తగ్గించాలి" అన్నది మీ చేతిలో లేదు. "ఆయన గొంతు పెంచినప్పుడు నేను మాట ఆపి పక్క గదిలోకి వెళ్లడం" మీ చేతిలో ఉంది.

భయం వేసే పనిని మొదటి గడిలోకి తోసేయడం. "ఈ వయసులో కొత్త పని నేర్చుకోవడం కుదరదు" అని రాశారనుకోండి. కుదరదా, భయమా? ప్రయత్నించి, కుదరక వదిలేసిన దాఖలా ఏదీ లేకపోతే అది మొదటి గడిలోది కాదు. అక్కడి నుంచి తీసి మూడో గడిలో చిన్న పనిగా రాయండి: "ఒక్క క్లాసుకు వెళ్లి చూడటం."

బాధను మూడో గడిలో రాయడం. "ఇక బాధపడను" అన్నది మీ చేతిలోని పని కాదు. బాధ దానంతటది వస్తుంది. అది వచ్చినప్పుడు ఏం చేస్తారన్నదే మీ చేతిలో ఉంటుంది.

5. మొదటి గడిలోవి ఒప్పుకోవడం ఎలా?

"ఒప్పుకోండి అంటారు గానీ ఎలాగో ఎవరూ చెప్పరు" అని చాలామంది విసుక్కుంటారు. న్యాయమైన విసుగే. చేసే తీరు ఇదీ.

ఒక్కచోట కూర్చోండి. మొదటి గడిలోంచి ఒక వాక్యం తీసుకుని, నెమ్మదిగా, పైకి వినబడేలా చదవండి: "నా మోకాలు అరిగింది. ఇరవయ్యేళ్లప్పటిలా పరిగెత్తలేను." వెంటనే మనసు "కానీ..." అని మొదలుపెడుతుంది. కానీ ఆ రోజు అలా చేయకుండా ఉంటే, కానీ నాకే ఎందుకు. ఆ "కానీ" వచ్చిందని గమనించి, వాదించకుండా మళ్లీ వాక్యం చదవండి.

ఇప్పుడు ఒంట్లో ఎక్కడ బిగుసుకుందో చూడండి. దవడా, భుజాలా, పొట్టా? అక్కడ వదులు చేసి, వదిలే ఊపిరిని కాస్త పొడుగు చేయండి. ఆ భావానికి పేరు పెట్టండి: "ఇది దుఃఖం", "ఇది అవమానం", "ఇది భయం." ఐదు నిమిషాలు చాలు. రోజుకో వాక్యం.

బాధను తరిమేయడానికి ప్రయత్నించకండి. డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు 1987లో ఒక ప్రయోగం ప్రచురించారు. తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాలు ఆలోచించవద్దని కొందరికి చెప్పారు. వాళ్లకు అది గుర్తొస్తూనే ఉంది. ఆ తర్వాత ఆలోచించవచ్చని చెబితే, మొదటినుంచీ ఆలోచించమన్నవాళ్ల కన్నా వీళ్లకే ఎక్కువగా గుర్తొచ్చింది. ఎలుగుబంటి విషయంలోనే అలా ఉంటే, పోయిన మనిషి గురించో పోయిన ఉద్యోగం గురించో తలుచుకోవద్దని మనల్ని మనం కట్టడి చేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

నిజంగా ఒప్పుకున్నారో, విసిగిపోయి చేతులెత్తేశారో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఒప్పుకున్నాక కొంత శక్తి మిగులుతుంది, "సరే, ఇప్పుడేం చేద్దాం?" అన్న ప్రశ్న వస్తుంది. చేతులెత్తేస్తే ఆ ప్రశ్న రాదు, మంచం మీంచి లేవాలనిపించదు. ఇంకో మాట: జరిగింది న్యాయమని మీరు అనుకోనక్కర్లేదు, నచ్చనక్కర్లేదు, ఎవరినీ క్షమించనక్కర్లేదు. "ఇది అన్యాయం. ఇది జరిగింది." రెండు వాక్యాలూ ఒకేసారి నిజం కావచ్చు.

ఇది ఒక్కసారితో అయిపోదు. ఈ రోజు ఒప్పుకున్న విషయంతో రేపు మళ్లీ పోట్లాడతారు. అప్పుడు మళ్లీ చేయండి. ముఖ్యంగా మనుషులు పోయిన దుఃఖంలో ఉన్నవాళ్లు నాలుగు వారాల గడువు పెట్టుకోవద్దు. ఆ బాధకు క్యాలెండర్ లేదు. అలాంటివారు ఈ మెట్టునే చేసుకుంటూ, తక్కిన మెట్లు తర్వాతెప్పుడైనా ఎక్కవచ్చు.

మార్షా లినెహాన్ అనే అమెరికన్ సైకాలజిస్టు తీవ్రమైన మానసిక వేదనలో ఉన్నవారికి చికిత్స చేస్తూ ఈ చిక్కునే ఎదుర్కొన్నారు. మారాలి, మారాలి అని మాత్రమే చెబితే, తమ బాధను ఎవరూ అర్థం చేసుకోవడం లేదని వాళ్లు నొచ్చుకున్నారు. ఉన్నదాన్ని ఒప్పుకోవడం ఒక్కటే నేర్పితే బతుకు బాగుపడలేదు. అందుకే ఒప్పుకోవడం, మార్పు రెండింటినీ పక్కపక్కనే పెట్టి ఆమె ఒక చికిత్సను రూపొందించారు. 1993లో దాన్ని వివరంగా ప్రచురించారు. అంత తీవ్రమైన బాధలో ఉన్నవారికి కూడా రెండూ కలిసే అవసరమయ్యాయన్న విషయం నాకు ఎంతో ధైర్యమిస్తుంది. మీకూ ఇవ్వాలి.

6. మూడో గడిలోంచి ఒక్క పని తీయండి

ఆ పనికి ఉండాల్సిన లక్షణాలు: రెండు రోజుల్లోపు మొదలుపెట్టగలిగేంత దగ్గరిది, పది పదిహేను నిమిషాల్లో అయ్యేంత చిన్నది, ఎదుటివాళ్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మీరు పూర్తిచేయగలిగినది.

దాన్ని "అప్పుడు, అక్కడ, ఇది" అన్న తీరులో రాయండి. "వ్యాయామం చేయాలి" అని రాయకండి. "ఉదయం పళ్లు తోముకోగానే, మంచం పక్కనే, డాక్టర్ చెప్పిన మొదటి రెండు వ్యాయామాలు చేస్తాను" అని రాయండి. పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు చేసిన పరిశోధనల్లో, ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తానని ముందే తేల్చుకున్నవాళ్లు, ఊరికే అనుకున్నవాళ్ల కన్నా ఎక్కువగా ఆ పని పూర్తిచేశారు. ఏ పూట, ఎక్కడ అన్నది అప్పటికప్పుడు ఆలోచించుకోవలసిన శ్రమ తప్పుతుంది.

తర్వాత అడ్డంకి ఏమిటో రాయండి. బయటి అడ్డంకులు మాత్రమే కాదు, మీ లోపలిది. "మెసేజ్ టైప్ చేసి, తమ్ముడు చూసి కూడా జవాబివ్వకపోతే ఎలా అని చెరిపేస్తాను." మంచిది, ఇప్పుడు దానికీ ఒక ఏర్పాటు చేయండి: "చెరిపేయాలనిపిస్తే, అలాగే పంపేసి ఫోన్ పక్క గదిలో పెట్టి అరగంట నడుస్తాను." అంతా మంచే జరుగుతుందని ఊహించుకుని కూర్చోవడం కన్నా ఈ పని ఎక్కువ ఉపయోగపడుతుంది. గాబ్రియెల్ ఓటింగెన్ అనే సైకాలజిస్టు పరిశోధనలు చెప్పేది కూడా ఇదే. కోరుకున్నది దొరికేసినట్టు తియ్యగా ఊహించుకుంటే, దానికోసం పెట్టాల్సిన శ్రమ మీద ఊపు తగ్గుతుంది.

ఇంత చిన్న పనితో జీవితం మారుతుందా అని అనిపించడం సహజం. ఒక్క పనితో మారదు. ఈ మెట్టులో మీరు సంపాదించేది ఫలితం కాదు, "అనుకున్నది చేయగలను" అన్న నమ్మకం. ఏళ్ల తరబడి సమస్యలో ఉన్నవాళ్లు మొదట పోగొట్టుకునేది దాన్నే.

ఏ పనీ తోచకపోతే: సమాచారం సేకరించడమే మొదటి పనిగా పెట్టుకోండి. ఒకరిని అడగడం, ఒక రిపోర్టు తెచ్చుకోవడం, ఒక ఫారం చదవడం.

7. రెండో గడికి గడువు పెట్టండి

మనుషులు ఎక్కువగా అలసిపోయేది ఇక్కడే. వస్తుందో రాదో, మాట్లాడతాడో లేదో. దీన్ని పూర్తిగా ఒప్పుకోనూ లేరు, పూర్తిగా మార్చనూ లేరు.

దీనికి నేను చెప్పే మందు తేదీ. "మార్చి ఆఖరు వరకు ఇక్కడే ఉండి, నా చేతిలో ఉన్నవన్నీ చేస్తాను. అప్పటికీ ప్రమోషన్ సంగతి తేలకపోతే వేరే ఉద్యోగాలకు అప్లై చేస్తాను" అని రాసుకోండి. ఆ తేదీ వచ్చేదాకా "వెళ్లిపోవాలా, ఉండాలా" అన్న చర్చ మీలో మీరు పెట్టుకోవద్దు. వచ్చినప్పుడల్లా "దీని గురించి ఆ రోజు ఆలోచిస్తాను" అని చెప్పుకోండి. తేదీ దాటాక మాత్రం గడువును మళ్లీ మళ్లీ జరపకండి. ఒకసారి జరపడం అవసరం కావచ్చు. మూడోసారి జరుపుతున్నారంటే అది నిర్ణయం నుంచి తప్పించుకోవడమే.

మనుషుల మధ్య బంధాలకు తేదీ పెట్టడం ఇబ్బందిగా ఉంటే, ప్రయత్నాల లెక్క పెట్టుకోండి. "మూడు నెలలకోసారి ఒక పలకరింపు పంపుతాను, జవాబు అడగను." తలుపు తెరిచే ఉంటుంది, మీరు గుమ్మంలో కాపలా కాయనక్కర్లేదు.

8. ఈ రోజు ఉన్న మంచిని వాయిదా వేయకండి

మార్పు కోసం పని చేస్తున్నవాళ్లు ఒక షరతు పెట్టుకుంటారు: అది వచ్చాకే సంతోషం. ఆ షరతు ప్రమాదకరం. కావాలనుకున్నది దొరికాక కొన్నాళ్లకే దానికి అలవాటుపడిపోవడం మనిషి స్వభావం. ఫిలిప్ బ్రిక్‌మన్, ఆయన సహచరులు 1978లో 22 మంది లాటరీ విజేతలతో మాట్లాడి చూశారు. వాళ్ల సంతోషం పక్కింటి మామూలు మనుషుల కన్నా చెప్పుకోదగ్గంత ఎక్కువగా ఏమీ లేదు. పైగా రోజువారీ చిన్న చిన్న విషయాల్లో వాళ్లకు దొరుకుతున్న ఆనందం తక్కువగా ఉంది. చిన్న అధ్యయనమే, దాన్నిబట్టి డబ్బుతో పని లేదని అనడం తప్పు. పేదరికం తగ్గితే బాధ తగ్గుతుంది. నేను చెప్పేది వాయిదా గురించి మాత్రమే.

చేయాల్సింది: వారానికి ఒకసారి, ఆ వారంలో మంచిగా జరిగినవి ఐదు రాయండి. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్‌కల్లో 2003లో ప్రచురించిన పరిశోధనలో పది వారాల పాటు ఇలా వారానికోసారి రాసినవాళ్లు, చికాకులు రాసినవాళ్ల కన్నా తమ జీవితం గురించి మెరుగ్గా భావించారు. రోజూ రాస్తే మొక్కుబడి అయిపోతుంది, వారానికోసారి చాలు. "ఆరోగ్యం, కుటుంబం" అని పెద్ద పెద్ద మాటలు కాకుండా, "బుధవారం సాయంత్రం పాప నవ్వుతూ చెప్పిన కథ" లాంటివి రాయండి.

మనసు బాగాలేని వారంలో ఐదు దొరక్కపోతే రెండు రాయండి. బలవంతంగా కృతజ్ఞత తెచ్చుకోవద్దు.

9. వారానికోసారి గళ్లు సరిచూడండి

పదిహేను నిమిషాలు. అనుకున్న పని ఎన్నిసార్లు చేశారో రాయండి. సగం కన్నా తక్కువైతే మిమ్మల్ని తిట్టుకోవద్దు, పనిని ఇంకా చిన్నది చేయండి. తేలిగ్గా అయిపోతుంటే కొంచెం పెంచండి. ఒక గడిలోది ఇంకో గడిలోకి మారిందేమో చూడండి. మేనేజర్‌ను అడిగాక "ఈ విభాగంలో పై పోస్టే లేదు" అని తేలితే, రెండో గడిలోని ప్రమోషన్ మొదటి గడిలోకి వచ్చేస్తుంది, మూడో గడిలో కొత్త పని పుడుతుంది.

మధ్యలో ఒక రోజు తప్పితే ఏమీ కాదు. ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు లండన్‌లో 96 మంది మీద చేసి ప్రచురించిన అధ్యయనంలో కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లోనే అయింది, కొందరికి 254 రోజులు పట్టేలా కనిపించింది. ఒక రోజు తప్పడం వల్ల అలవాటు పెద్దగా దెబ్బతినలేదు. కాబట్టి 21 రోజుల్లో ఏదైనా అలవాటవుతుందన్న మాట నమ్మి, 22వ రోజున నిరాశపడకండి.

ఎక్కువమంది చేసే తప్పులు

సంతోషాన్ని గంటగంటకూ కొలుచుకోవడం. "ఇప్పుడు సంతోషంగా ఉన్నానా?" అని అడుగుతుంటే ఉన్న సంతోషం కూడా పోతుంది. ఐరిస్ మాస్, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన ప్రయోగంలో, సంతోషం ఎంత ముఖ్యమో చదివించాక సంతోషకరమైన సినిమా ముక్క చూపిస్తే, అది చదవనివాళ్లతో పోలిస్తే వీళ్లకు తక్కువ సంతోషం కలిగింది. అంత ముఖ్యమైనది తమకు సరిపడా కలగలేదన్న నిరాశ. నిచ్చెన అంకెను రోజూ వేసుకోవద్దన్నది ఇందుకే.

అన్నీ ఒకేసారి మార్చడం. నిద్ర, తిండి, ఉద్యోగం, స్నేహాలు అన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టినవాళ్లు రెండో వారానికి అన్నీ వదిలేస్తారు. తర్వాత "నేను మారలేను" అన్న వాక్యాన్ని మొదటి గడిలో రాసుకుంటారు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ తప్పే, ఎందుకంటే దోషం మనిషిలో లేదు, ఎంచుకున్న పరిమాణంలో ఉంది.

ఒప్పుకోవడాన్ని ఇతరుల మీద ప్రయోగించడం. మీ కష్టాన్ని మీరు ఒప్పుకోవచ్చు. కష్టంలో ఉన్న భార్యతోనో, చెల్లెలితోనో "ఒప్పుకో, సర్దుకో" అనడం వేరు. వాళ్లకు ముందు కావలసింది వినే మనిషి.

మార్పు పేరుతో పారిపోవడం. మూడు నెలలకో ఉద్యోగం, ఆరు నెలలకో ఊరు మారుస్తున్నా అదే బాధ వెంట వస్తుంటే, మొదటి గడిలో చూడకుండా వదిలేసినది ఏదో ఉందని అర్థం. ఐదో మెట్టుకు వెళ్లండి.

పోలిక. పక్కవాళ్ల నిచ్చెన మీద మీ మెట్టును కొలుచుకోకండి. పోల్చుకోవాలనిపిస్తే, తేదీ వేసి రాసుకున్న మీ పాత పేజీతో పోల్చుకోండి.

ఫలితం ఎలా చూసుకోవాలి?

నాలుగు వారాలు పూర్తయ్యాక, మొదటి పేజీ చూడకుండా నిచ్చెన అంకె మళ్లీ వేయండి. మీరు ఎంచుకున్న రెండు గుర్తులు కూడా లెక్కపెట్టండి. తర్వాత పాత పేజీ తీయండి.

అంకె ఒక మెట్టు పెరిగినా మంచి ఫలితమే. అదే విషయంతో ఇంకో నాలుగు వారాలు సాగించండి.

అంకె మారకపోయినా నిద్ర మెరుగైతే, విసుగు తగ్గితే, పద్ధతి పనిచేస్తున్నట్టే. జీవితం మొత్తం గురించిన అభిప్రాయం నెమ్మదిగా కదులుతుంది.

పనులన్నీ చేశారు, మనసు మాత్రం అలాగే బరువుగా ఉంది అంటే, మొదటి గడి పని సరిగా జరగలేదు. ఈ నెల కొత్త పనులేమీ చేర్చకుండా ఐదో మెట్టు ఒక్కటే చేయండి. మనసు తేలికైంది, పరిస్థితి మాత్రం అంగుళం కదల్లేదు అంటే, మూడో గడి ఖాళీగా ఉండిపోయింది. ఆరో మెట్టుకు వెళ్లి, ఈసారి చేసిన పని సంగతి వినే మనిషిని ఒకరిని ముందే మాట్లాడి పెట్టుకోండి.

అంకె రెండు మూడు మెట్లు పడిపోయి, నిద్ర కూడా తగ్గి ఉంటే నోట్‌బుక్కు పక్కన పెట్టండి. ఆ పేజీలు పట్టుకుని డాక్టర్ దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో వెళ్లండి. ఎప్పటినుంచి, ఎలా ఉందో మాటల్లో చెప్పలేకపోయినా తేదీలతో సహా అందులో రాసే ఉంటుంది.